కాకినాడలో ఆగిన ఓడ ఎవరిది? బల్క్ షిప్పింగ్ కంపెనీల యాజమాన్యం, అద్దెలు, లాభనష్టాల లెక్క

2024 నవంబరు 29న కాకినాడ లంగరు రేవులో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ నోట 'సీజ్ ద షిప్' (ఓడను పట్టుకోండి) అన్న మాట వినిపించింది. ఆ తర్వాత వారాల తరబడి తెలుగునాట ఒకటే ప్రశ్న నలిగింది: కళ్లెదుట ఉన్న ఓడను పట్టుకోవడంలో ఇంత చిక్కేమిటి? స్టెల్లా ఎల్ అనే ఆ ఓడ పశ్చిమాఫ్రికాకు బియ్యం ఎక్కించుకుంటోంది. అందులో 1,320 టన్నులు రేషన్ బియ్యమని అధికారులు ప్రకటించారు. ఆ సరుకు దింపించాక 2025 జనవరిలో ఓడ వెళ్లిపోయింది. వార్తల్లో దాని పేరు 'స్టెల్లా ఎల్ పనామా' అనే వచ్చింది. ఓడ వెనుక భాగాన పేరు, దాని కింద నమోదైన రేవు పేరు రాయడం అంతర్జాతీయ నియమం. ఆ రెండూ కలిపి చదివితే అలాగే వినిపిస్తుంది. పనామా జెండా, అంటే ఆ దేశంలో నమోదు, ఉన్నంత మాత్రాన యజమాని పనామాలో ఉంటాడని కాదు, సిబ్బంది ఆ దేశం వాళ్లు కావాలనీ లేదు. సరుకు సంగతి మరీ వేరు.

ఈ వ్యాపారంలో ఓడ ఒకరిది, దాన్ని నడిపేది ఒకరు, అద్దెకు తీసుకున్నది మరొకరు, సరుకు ఇంకొకరిది. పైగా ప్రపంచంలోని బల్క్ ఓడల్లో పెద్ద వాటా స్టాక్ మార్కెట్‌లో లేని కుటుంబ కంపెనీల చేతిలో ఉంది. వాటి లెక్కలు బయటికి రావు. ఆ పొరలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

బల్క్ ఓడ, దాని సైజులు

బస్తాల్లోనో కంటైనర్లలోనో పెట్టకుండా నేరుగా ఓడ గర్భంలో పోసే సరుకే బల్క్. ఇనుప ఖనిజం, బొగ్గు, గోధుమ, మొక్కజొన్న, బాక్సైట్, ఎరువులు ఇందులోకి వస్తాయి. ఏటా సముద్రం మీద కదిలే సుమారు 1,200 కోట్ల టన్నుల సరుకులో 500 కోట్ల టన్నులకు పైగా ఇలాంటి పొడి సరుకే. కాకినాడ బియ్యం బస్తాల్లోనే వెళ్తుంది, అయినా మోసుకెళ్లేది ఈ రకం ఓడలే.

సరుకు పోసే గదిని హోల్డ్ అంటారు. పైన కదిలే ఇనుప తలుపు హాచ్ కవర్. ఓడ ఎంత బరువు మోయగలదో చెప్పే లెక్క డెడ్‌వెయిట్. సరుకు, ఇంధనం, నీళ్లు, సామాన్లు అన్నీ అందులోకే వస్తాయి. 40 వేల టన్నుల లోపువి హ్యాండీసైజ్. 50 నుంచి 65 వేల మధ్యవి సుప్రామాక్స్, అల్ట్రామాక్స్. ఈ రకాల్లో చాలావాటికి సొంత క్రేన్లు ఉంటాయి. పాత పనామా కాలువలో పట్టేలా 32 మీటర్ల వెడల్పుతో కట్టినవి పనామాక్స్. గినియాలోని కామ్సార్ రేవు కొలతకు 229 మీటర్ల పొడవుతో, సుమారు 82 వేల టన్నులతో కట్టినవి కామ్సార్‌మాక్స్. ఆపైన 1,80,000 టన్నుల కేప్‌సైజ్. బ్రెజిల్ ఖనిజం కోసం కట్టిన వాలేమాక్స్ అయితే 4 లక్షల టన్నులు.

సైజు పెరిగేకొద్దీ టన్నుకు ఖర్చు తగ్గుతుంది, కానీ పట్టే రేవులూ తగ్గుతాయి. నిండుగా ఉన్న కేప్‌సైజ్ నీటిలో సుమారు 18 మీటర్లు మునుగుతుంది. 21 మీటర్ల లోతున్న గంగవరం దాన్ని తీసుకోగలదు. కాకినాడ లంగరు రేవులో ఓడ తీరానికి దూరంగా నిలబడితే బార్జీలు బస్తాలు మోసుకెళ్లి ఎక్కించాలి. 1986లో కట్టిన బెర్జ్ స్టాల్ అనే ఖనిజ ఓడ సుమారు 3,65,000 టన్నులది. నిండితే 23 మీటర్లు మునిగేది. చాలా ఏళ్లపాటు బ్రెజిల్‌లో ఒక రేవు, నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్, ఈ రెంటి మధ్యే తిరిగింది.

ఒక ఓడకు ఎంతమంది హక్కుదారులు

ఒక నిజమైన ఉదాహరణతో ఇది తేలిగ్గా తెలుస్తుంది. 2020 జూలై 25న వకాషియో అనే కేప్‌సైజ్ ఓడ మారిషస్ పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. చైనా నుంచి సింగపూర్ మీదుగా ఖాళీగా బ్రెజిల్ వెళ్తోంది. సుమారు వెయ్యి టన్నుల ఇంధన నూనె సముద్రంలోకి కారింది. దాని కాగితాలు ఇలా ఉన్నాయి.

నమోదిత యజమాని ఒకియో మారిటైమ్ అనే కంపెనీ. దాని వెనుక ఉన్న అసలు యజమాని జపాన్‌లోని ఒకయామా ప్రాంతానికి చెందిన నాగషికి షిప్పింగ్, ఇది ప్రైవేట్ కంపెనీ. జెండా పనామాది. అద్దెకు తీసుకుని నడుపుతున్నది జపాన్ దిగ్గజం మిట్సుయి ఓఎస్‌కే లైన్స్. సిబ్బందిలో భారతీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, శ్రీలంక వాళ్లు. మూడో పక్షానికి జరిగే నష్టానికి బీమా ఇచ్చింది జపాన్ పీ అండ్ ఐ క్లబ్, అంటే ఓడ యజమానులే కలిసి పెట్టుకున్న పరస్పర బీమా సంఘం.

మరి నష్టపరిహారం కట్టాల్సింది ఎవరు? ఓడను నడిపించడంలో జరిగిన తప్పుకు, ఇంధనం కారినందుకు చట్టం పట్టుకునేది ఓడ యజమానిని. అద్దెకు తీసుకున్నవాడిని మామూలుగా పట్టుకోదు. యజమాని బాధ్యతకు కూడా ఓడ పరిమాణాన్ని బట్టి అంతర్జాతీయ ఒప్పందాలు ఒక గరిష్ఠ పరిమితి పెట్టాయి. అలా పరిమితి ఉండకపోతే ఓడలకు బీమా దొరకదన్నది ఒక వాదన. వెయ్యి టన్నుల నూనె ఒక దీవి చేపల వేటను, పర్యాటకాన్ని దెబ్బతీసినప్పుడు ఆ పరిమితి అన్యాయమన్నది రెండో వాదన. చట్టం ప్రకారం బాధ్యత లేకపోయినా, అద్దెకు తీసుకున్న మిట్సుయి కంపెనీ మారిషస్ కోసం కొన్నేళ్లలో సుమారు 100 కోట్ల యెన్లు ఖర్చు చేస్తామని ప్రకటించింది. జనం నోట్లో పడింది ఆ కంపెనీ పేరే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. మొబైల్ సిగ్నల్ అందాలని ఓడను తీరానికి దగ్గరగా తీసుకెళ్లారని ఆ కంపెనీయే తర్వాత వెల్లడించింది.

ఒకియో లాంటి కంపెనీలను సింగిల్ షిప్ కంపెనీలు అంటారు. 30 ఓడలున్న కుటుంబానికి 30 కంపెనీలు ఉంటాయి, ఒక్కో దానికి ఒక్కో ఓడే ఆస్తి. ఒక ఓడ ప్రమాదంలో పడితే మిగతా 29 మునగకుండా ఉండాలన్నది ఇందులో లెక్క. బ్యాంకులు కూడా ఇదే కోరతాయి, తమ తాకట్టు మీద ఇంకెవరి అప్పూ పడకుండా ఉంటుందని. బాకీ రాబట్టుకోవాల్సిన వాళ్లకు మాత్రం ఇది గోడ. అదే యజమానికి చెందిన మరో ఓడను పట్టుకునే వీలు చాలా దేశాల చట్టాల్లో ఉంది. కాగితం మీద ఆ 'మరో ఓడ' వేరే కంపెనీదైతే దాని దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోతుంది.

ఈ గందరగోళం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భమూ ఉంది. 2024 మార్చి 6న ఏడెన్ సింధుశాఖలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే బల్క్ ఓడ మీద యెమెన్‌లోని హౌతీల క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. దాడి చేసినవాళ్లు దాన్ని అమెరికా ఓడ అన్నారు. అప్పటికి దాని జెండా బార్బడోస్‌ది, యజమాని లైబీరియాలో నమోదైన కంపెనీ, నడుపుతున్నది గ్రీసు సంస్థ. అమెరికా పెట్టుబడి సంస్థతో ఉన్న సంబంధం అంతకుముందు యాజమాన్యం నాటిది. ఓడలోని 21 మందిని భారత నౌకాదళ నౌక ఐఎన్ఎస్ కోల్‌కతా కాపాడింది.

పరాయి జెండా ఎందుకు

లైబీరియా, పనామా, మార్షల్ ఐలాండ్స్, ఈ మూడింటి జెండాల కిందే ప్రపంచ ఓడల సామర్థ్యంలో 40 శాతం పైగా ఉంది. పన్ను టన్నేజీ (ఓడ పరిమాణం) మీద స్వల్పంగా ఉంటుంది. ఏ దేశం సిబ్బందినైనా పెట్టుకోవచ్చు. నమోదు త్వరగా అయిపోతుంది, తాకట్టు చట్టాలు బ్యాంకులకు పరిచయమైనవి. కార్మిక సంఘాల సమాఖ్య ఐటీఎఫ్ దశాబ్దాలుగా దీన్ని వ్యతిరేకిస్తోంది. యజమానికి, జెండాకు నిజమైన సంబంధం లేకపోతే సిబ్బంది గోడు వినే ప్రభుత్వమే ఉండదని దాని మాట. యజమానులు మాత్రం జెండా ఏదైనా తనిఖీ తప్పదు కదా అంటారు. అందులో కొంత నిజం ఉంది. ఏ రేవుకు వెళ్లినా అక్కడి అధికారులు ఓడ ఎక్కి లోపాలుంటే ఆపేయవచ్చు, పదేపదే ఆగిన ఓడకు అద్దె దొరకదు. కానీ తనిఖీ జరిగేది రేవులో, సిబ్బంది గడిపేది నెలల తరబడి నడిసముద్రంలో.

ఆపడం వేరు, అరెస్టు వేరు, జప్తు వేరు

ఈ మూడు మాటలను ఒకే అర్థంలో వాడటం వల్లే కాకినాడ వ్యవహారం అంత అయోమయంగా కనిపించింది.

ఓడ అరెస్టు అనేది కోర్టు పని. 2017 నాటి అడ్మిరాలిటీ చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా కొన్ని రాష్ట్రాల హైకోర్టులకు ఈ అధికారం ఉంది. ఇంధనం డబ్బు ఎగ్గొట్టినా, జీతాలు ఇవ్వకపోయినా, సరుకు పాడైనా, తాకట్టు అప్పు తీర్చకపోయినా బాధితుడు హైకోర్టుకు వెళ్లి ఓడనే ప్రతివాదిగా చూపి ఆపించవచ్చు. యజమాని బ్యాంకు గ్యారంటీ లాంటి పూచీ కడితే ఓడ కదులుతుంది, కేసు నడుస్తుంది.

జప్తు అనేది శిక్ష లాంటిది. కస్టమ్స్ చట్టం 1962లోని 115వ సెక్షన్ కింద దొంగ రవాణాకు వాడిన వాహనాన్ని, ఓడనైనా సరే, జప్తు చేయవచ్చు. అయితే తనకు, తన ఏజెంటుకు, కెప్టెన్‌కు తెలియకుండా జరిగిందని యజమాని రుజువు చేసుకుంటే ఓడ బయటపడుతుంది. బస్తాల లోపల ఏ బియ్యం ఉందో కెప్టెన్‌కు తెలిసే అవకాశం ఎంత? ఆయన చూసేది బస్తాల లెక్క, తడి, పురుగు. బియ్యం మీద చర్యకు దారి వేరు, అది నిత్యావసర వస్తువుల చట్టం. కాబట్టి సరుకును పట్టుకోవడానికి ఉన్నంత సులువైన దారి ఓడను పట్టుకోవడానికి లేదు. పైగా ఓడలో ఒకరి సరుకే ఉండదు. పలువురు ఎగుమతిదారుల బస్తాలు ఒకే హోల్డ్‌లో ఉన్నప్పుడు తప్పు చేయనివాళ్ల సరుకూ ఆగిపోతుంది. ఆగిన ప్రతి రోజుకూ అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది, అది ఎవరి జేబులోంచి పోతుందో చార్టర్, అంటే ఓడ అద్దె ఒప్పందంలోని షరతులు తేలుస్తాయి.

700 ఓడలు నడిపే కంపెనీకి సొంతవి ఎన్ని

1921లో జర్మనీలోని లూబెక్‌లో ఎగాన్ ఓల్డెన్‌డార్ఫ్ మొదలుపెట్టిన కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబానిదే. సుమారు 700 బల్క్ ఓడలు నడుపుతుందని పేరు. వాటిలో ఎక్కువ భాగం అద్దెవి. అమెరికాలోని కార్గిల్ కూడా కుటుంబ కంపెనీయే. వందల ఓడలను తిప్పుతుంది, దాదాపు అన్నీ అద్దెకు తీసుకున్నవే. సింగపూర్‌లోని బెర్జ్ బల్క్ ప్రైవేట్ కంపెనీయే అయినా సొంత పెద్ద ఓడల మీద నడిచేది. వాటికి ఎవరెస్ట్, అన్నపూర్ణ లాంటి పర్వతాల పేర్లు పెడుతుంది. కాబట్టి ఎవరైనా మా ఫ్లీట్ ఇంత అన్నప్పుడు అందులో సొంతవి ఎన్ని, అద్దెవి ఎన్ని, అద్దె ఎన్నాళ్లకు అని చూడాలి.

అద్దెల్లో ముఖ్యమైనవి మూడు రకాలు. బేర్‌బోట్ అంటే ఖాళీ ఓడ, సిబ్బందిని, బీమాను, మరమ్మతును అద్దెదారే చూసుకోవాలి. టైమ్ చార్టర్ అంటే డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నట్టు: సిబ్బంది జీతాలు, మరమ్మతులు యజమానివి, ఇంధనం, రేవు ఖర్చులు అద్దెదారువి, కిరాయి రోజుకింత. మూడోది వాయేజ్ చార్టర్, ఫలానా రేవు నుంచి ఫలానా రేవుకు టన్నుకింత, ఇంధనం కూడా ఓడ నడిపేవాడిదే. వీటికి తోడు సీఓఏ అనే మరో ఒప్పందం ఉంది. ఏడాదిలో పన్నెండు లోడ్ల బొగ్గు మోస్తానని కంపెనీ మాట ఇస్తుంది, ఏ ఓడ అన్నది చెప్పదు.

సొంత ఓడలు తక్కువ ఉన్న ఆపరేటర్ల బతుకు ఈ సీఓఏల మీదే. టన్ను రేటు ముందే కుదుర్చుకుని, ఓడలను అప్పటికప్పుడు చౌకగా అద్దెకు పట్టి మధ్యలో తేడా మిగుల్చుకుంటారు. ఓడల అద్దె పెరిగితే ఆ తేడా తిరగబడుతుంది. అందుకే కొందరు ముందుగానే రెండు మూడేళ్లకు ఓడలు అద్దెకు పట్టేసుకుంటారు, అప్పుడు మార్కెట్ పడిపోతే చస్తారు. ఒకే ఓడ చేతులు మారుతూ ఎ నుంచి బికి, బి నుంచి సికి అద్దెకు వెళ్లడం ఇక్కడ మామూలు. గొలుసులో ఒకడు దివాలా తీస్తే పైవాళ్లందరికీ రావాల్సిన కిరాయి ఆగుతుంది. 2008 చివర్లో ఇది పెద్ద ఎత్తున జరిగింది.

ఒక ప్రయాణం లెక్క వేసి చూస్తే

ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. ఒక కేప్‌సైజ్ ఓడ ఆస్ట్రేలియా నుంచి గంగవరానికి 1,70,000 టన్నుల కోకింగ్ కోల్ (ఉక్కు తయారీకి వాడే బొగ్గు) తెస్తుంది, టన్నుకు 15 డాలర్లు. మొత్తం కిరాయి 25,50,000 డాలర్లు.

నిండుగా రావడానికి 19 రోజులు, ఖాళీగా తిరిగి వెళ్లడానికి 18, ఎక్కించడానికి 3, దింపడానికి 5, లైనులో నిరీక్షణ 5. మొత్తం 50 రోజులు. నడిచే 37 రోజులూ రోజుకు 45 టన్నులు, ఆగిన 13 రోజులూ రోజుకు 5 టన్నుల చొప్పున ఇంధనం 1,730 టన్నులు. టన్ను 550 డాలర్లనుకుంటే 9,51,500. రెండు రేవుల ఖర్చు 3 లక్షలు. బ్రోకర్ల కమిషన్ 3.75 శాతం, అంటే 95,625. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 12,02,875. దాన్ని 50 రోజులకు పంచితే రోజుకు సుమారు 24,050 డాలర్లు. ఈ రోజువారీ నికర సంపాదననే టీసీఈ అంటారు. ఏ రెండు ప్రయాణాలనైనా పోల్చేది దీనితోనే.

ఇందులోంచి సిబ్బంది జీతాలు, బీమా, మరమ్మతు, సామాన్లకు రోజుకు 7,000 పోతుందనుకుందాం. ఓడ ధర 6 కోట్ల డాలర్లు, అందులో 3.6 కోట్లు అప్పు, పదిహేనేళ్లలో తీర్చాలి, వడ్డీ 6 శాతం. మొదటి ఏడాది అసలు, వడ్డీ కలిపి రోజుకు సుమారు 12,500. మొత్తం ఖర్చు 19,500. చేతిలో మిగిలేది 4,550 దాకా.

గంగవరంలో లైను మరో ఆరు రోజులు పెరిగిందనుకోండి. ప్రయాణం 56 రోజులైంది, ఇంకాస్త ఇంధనం పోయింది. టీసీఈ 21,200కు దిగుతుంది, మిగులు 1,700కు పడిపోతుంది. ఆ ఆలస్యానికి సరుకువాళ్ల నుంచి రాబట్టే రుసుమే డెమరేజ్. ఓడ 'నేను సిద్ధం' అని ఇచ్చిన నోటీసు ఏ గంటకు చెల్లుతుంది, వాన పడ్డ గంటలు లెక్కలోకి వస్తాయా అన్న తగాదాలు సంవత్సరాలు నడవడానికి కారణం ఇదే.

ఇప్పుడు టన్ను రేటు 15 నుంచి 11కు పడిందనుకుందాం. రేటు తగ్గింది 27 శాతం. ఇంధనం, రేవు ఖర్చు మాత్రం తగ్గవు. టీసీఈ 10,950 దగ్గర నిలుస్తుంది, అంటే సగానికి పైగా కోత. అప్పు ఉన్న ఓడకు రోజుకు 8,500 డాలర్ల నష్టం. అదే ఓడ మీద అప్పు లేకపోతే 7,000 ఖర్చు పోను ఇంకా దాదాపు 4,000 మిగులు. రెండు ఓడలూ ఒకటే, సరుకూ ఒకటే, రేవూ ఒకటే. నిలబడేది ఎవరో తేలేది బ్యాంకు కాగితంలో.

కుటుంబ కంపెనీ బలం, దాని చీకటి కోణం

ఈ మార్కెట్ ఎంత ఎగిరిపడుతుందో లండన్‌లోని బాల్టిక్ ఎక్స్చేంజ్ లెక్కగట్టే బల్క్ ఓడల అద్దెల సూచీ చూపిస్తుంది. కేప్‌సైజ్‌కు 40 శాతం, పనామాక్స్‌కు 30, సుప్రామాక్స్‌కు 30 శాతం బరువుతో రోజూ లెక్కిస్తారు. 2008 మే 20న అది 11,793. 2016 ఫిబ్రవరిలో 290. 2008 జూన్‌లో కేప్‌సైజ్ రోజు అద్దె 2,30,000 డాలర్లు దాటి, డిసెంబరుకల్లా 2,500 లోపుకు వచ్చింది. రేట్లు బాగున్నప్పుడు అందరూ కొత్త ఓడలకు ఆర్డర్లు ఇస్తారు, అవి రెండు మూడేళ్లకు తయారై వచ్చేసరికి రేట్లు పడిపోయి ఉంటాయి. ఎన్నిసార్లు జరిగినా మానని అలవాటిది.

ప్రైవేట్ కంపెనీకి ఇక్కడ ఒక సౌలభ్యం ఉందన్నది గట్టి వాదన. మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పక్కర్లేదు, డివిడెండ్ ఒత్తిడి ఉండదు. ఓడలు చౌకగా ఉన్నప్పుడు కొని, ఖరీదుగా ఉన్నప్పుడు అమ్మడానికి యజమాని రాత్రికి రాత్రి నిర్ణయం తీసుకోగలడు. గ్రీసు కుటుంబాలు పైకొచ్చిందే ఈ ఓపికతో.

ఎదుటి వాదన కూడా తేలికైనది కాదు. స్టార్ బల్క్, పసిఫిక్ బేసిన్ లాంటి లిస్టెడ్ కంపెనీలు తమ టీసీఈ, అప్పు, ఓడల వయసు అన్నీ ప్రచురిస్తాయి. ప్రైవేట్ కంపెనీ చెప్పిందే వినాలి. వారసుల మధ్య పంపకం తగాదా వచ్చినా, ఒకరి మొండితనంతో తప్పు సమయంలో ఓడలు కొన్నా, బయటివాళ్లకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇక ప్రైవేట్ అంటే అప్పు తక్కువని అనుకోవడమూ పొరపాటే. జర్మనీలో కేజీ ఫండ్లనే పద్ధతిలో డాక్టర్లు, చిన్న మదుపరులు ఒక్కో ఓడలో వాటాలు కొన్నారు, మిగతాదంతా బ్యాంకు అప్పు. 2008 తర్వాత అవి వరుసగా కూలాయి. ఓడలకు భారీగా అప్పులిచ్చిన హెచ్ఎస్‌హెచ్ నోర్డ్‌బ్యాంక్‌ను హాంబర్గ్, ష్లెస్విగ్ హోల్‌స్టైన్ ప్రభుత్వాలు ఆదుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే ప్రైవేటా లిస్టెడా అన్నదానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న, పై లెక్కలో రోజుకు 12,500గా చూపిన అప్పు వాయిదా ఎంత అన్నదే.

హోల్డ్‌లో ఏది తేడా కొడుతుంది

కంపెనీ కాగితాలు ఎంత బాగున్నా డబ్బు పోయేది ఎక్కువగా హోల్డ్‌ల్లోనే. బొగ్గు దింపిన ఓడ తర్వాత బియ్యమో గోధుమో ఎక్కించాలంటే హోల్డ్ 'గ్రెయిన్ క్లీన్' కావాలి. ఊడ్చి, ఉప్పునీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, తుప్పు పెళ్లలు గీకి, ఆరబెట్టాలి. ఫ్రేముల వెనుక, నిచ్చెన మెట్ల కింద పిడికెడు బొగ్గుపొడి దొరికినా సర్వేయర్ తిరస్కరిస్తాడు. మళ్లీ పాసయ్యేదాకా ఓడ ఆఫ్-హైర్, అంటే అద్దె ఆగిపోతుంది. హాచ్ కవర్ అంచున రబ్బరు గాస్కెట్ ఒకచోట గట్టిపడినా కెరటం నీళ్లు లోపలికి దిగుతాయి. అందుకే లోపల అల్ట్రాసౌండ్ పరికరం పెట్టి, బయట అంచు వెంట శబ్దం ఎక్కడ లీకవుతుందో వింటారు. వేడి రేవు నుంచి చల్లని సముద్రంలోకి వెళ్లేటప్పుడు గాలి సరిగా ఆడించకపోతే ఇనుప గోడలకు చెమట పట్టి, ఆనుకున్న బస్తాలు బూజు పడతాయి.

బరువు తూచేది కాటాతో కాదు. ఓడ ముందు, మధ్య, వెనుక, రెండు వైపులా గీసిన ఆరు కొలత గుర్తులు చదివి, ఓడ ఎంత మునిగిందో దాన్నిబట్టి సరుకు లెక్కగడతారు. కేప్‌సైజ్ ఒక్క సెంటీమీటరు మునగాలంటే సుమారు 120 టన్నులు కావాలి. అల ఊగుతుండగా సెంటీమీటరు తప్పు చదివితే 120 టన్నుల తగాదా పుట్టినట్టే.

ప్రాణాలు తీసేది ద్రవీకరణ. తడిసిన ఇనుప ఖనిజం పొడి, నికెల్ ఖనిజం ఎక్కించేటప్పుడు గట్టి మట్టిలా కనిపిస్తాయి. సముద్రంలో ఊపుకు రేణువుల మధ్య నీరు పైకొచ్చి సరుకంతా బురదలా ఒకపక్కకు జారుతుంది, ఓడ తిరగబడుతుంది. 2009 వర్షాకాలంలో మన తీరంలోనే, మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్ ఖనిజం పొడితో మునిగాయి. సురక్షితంగా మోయగల గరిష్ఠ తేమ పరిమితి ప్రయోగశాలలో తేలాలి. సందేహం వస్తే ఓడ మీదే చేసే చిన్న పరీక్ష ఉంది: డబ్బాలో సగం సరుకు నింపి, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద ఒకటి రెండు సెకన్లకోసారి 25 సార్లు కొడతారు. పైన నీరు ఊరితే లోడింగ్ ఆపి పరీక్షకు పంపాలి. ఊరకపోయినా సరుకు క్షేమమని అర్థం కాదు. ఈ రెండో సగమే ఎక్కువమంది మరిచిపోతారు.

2017 మార్చి 31న దక్షిణ అట్లాంటిక్‌లో స్టెల్లార్ డైసీ మునిగి 24 మందిలో 22 మంది పోయారు. దక్షిణ కొరియా ప్రైవేట్ కంపెనీ పొలారిస్ షిప్పింగ్‌ది ఆ ఓడ, మార్షల్ ఐలాండ్స్ జెండా. 1993లో ముడిచమురు ట్యాంకర్‌గా కట్టి, తర్వాత ఖనిజ ఓడగా మార్చారు. బ్రెజిల్ నుంచి సుమారు 2,60,000 టన్నుల ఖనిజంతో వెళ్తోంది. ఎడమవైపు బ్యాలస్ట్ ట్యాంకులో (ఓడ నిలకడ కోసం సముద్రపు నీళ్లు నింపే ట్యాంకు) మొదలైన నిర్మాణ వైఫల్యమే కారణమని దర్యాప్తు తేల్చింది. పాత ట్యాంకర్లను మార్చి వాడటం కొత్త ఓడ కట్టడంకన్నా చౌక కాబట్టే ఆ పద్ధతి పుట్టింది.

యజమాని చేతులెత్తేస్తే సిబ్బంది గతి

రేట్లు పడిపోయి సింగిల్ షిప్ కంపెనీ దివాలా అంచుకు వస్తే ముందుగా ఆగేది జీతాలే. ఓడ ఏదో రేవులో లంగరు వేసి ఉంటుంది, ఇంధనం అయిపోతుంది, ఏజెంటు ఫోను ఎత్తడు. విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు కూడా ఉండే ఈ సిబ్బందికి అండగా ఉన్నది 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్. రెండు నెలల జీతం ఇవ్వకపోయినా, తిండి, నీళ్లు, ఇంటికి పంపే ఖర్చు చూడకపోయినా ఆ నావికుణ్ణి వదిలేసినట్టే లెక్క. 2017 జనవరి నుంచి ప్రతి ఓడా ఇలాంటి పరిస్థితికి ఆర్థిక పూచీ పత్రం ఉంచుకోవాలి, దాన్ని ఓడలో అందరికీ కనిపించేచోట అతికించాలి. నాలుగు నెలల వరకు జీతం బకాయి, ఇంటికి చేర్చే ఖర్చు ఆ పూచీ ఇచ్చిన బీమా సంస్థ భరిస్తుంది. అంతకుమించిన బకాయికి ఓడనే అరెస్టు చేయించి వేలం వేయించాలి. ఆ వేలం డబ్బులో నావికుల జీతానికి బ్యాంకు తాకట్టుకన్నా ముందు హక్కు ఉందని మన అడ్మిరాలిటీ చట్టం చెబుతుంది. మనుషులను ఓడలకు పంపే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు లేకపోతే అడగడానికి ఇక్కడ మనిషే ఉండడు. అప్పుడు ఆ కుర్రాడి ఒప్పందం మీద కనిపించేది ఒక్క ఓడ తప్ప ఆస్తి లేని కంపెనీ పేరు మాత్రమే.